వయసు కిట్టా, జన్యు పరీక్షా, మామూలు రక్తపరీక్షా? ఎపిజెనెటిక్స్ పేరిట డబ్బు పెట్టే ముందు

ఉమ్మి పంపితే శరీరం అసలు వయసెంతో చెబుతామనే కిట్ ఒకటి. ఒక్కసారి చేయిస్తే జీవితాంతం సరిపోతుందనే జన్యు పరీక్ష ఇంకొకటి. విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల మహారాణిపేట వీధుల్లో ఏ ల్యాబ్ బోర్డు మీద చూసినా కనిపించే ఫుల్ బాడీ చెకప్ మూడోది. మూడూ ఒకే ప్రశ్నకి జవాబు అమ్ముతున్నట్టు ఉంటాయి: ముందు ముందు నాకేం రాబోతోంది? కొలిచేవి మాత్రం మూడు వేర్వేరు సంగతులు. ఆ తేడా తెలియకుండా ఎంచుకుంటే, షుగర్ ఒంట్లో తిష్ఠ వేసినా పట్టుకోలేని కిట్‌కి వేలు పోసి, కొన్ని వందల్లో తేలిపోయే పరీక్షని వచ్చే నెలకి వాయిదా వేస్తాం.

నాలుగో రకం కూడా ఉంది. దానికి ప్రకటనలుండవు, డాక్టరు రాస్తేనే తెలుస్తుంది. జబ్బు నిర్ధారణ కోసం చేసే మిథైలేషన్ పరీక్ష అది. ఎపిజెనెటిక్స్ ఇవాళ రోగికి నేరుగా అక్కరకొస్తున్నది ఎక్కువగా అక్కడే.

ముందు మూతల సంగతి

వంటింటి అల్మారా నిండా డబ్బాలుంటాయి. పులుసు పెట్టేటప్పుడు మూత తీసేవి కొన్ని, పాయసానికి తీసేవి వేరే. డబ్బాలు అవే, వంట మారుతుంది. మన ఒంట్లో కూడా చర్మ కణానికీ, కాలేయ కణానికీ, మెదడు కణానికీ డీఎన్‌ఏ ఒకటే. ఏ జన్యువు మీద మూత ఉంది, ఏది తెరిచి ఉంది అన్న దాన్నిబట్టి కణం పని మారుతుంది. ఆ మూతల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఆ మాటని 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చారు. అప్పటికి డీఎన్‌ఏ రూపం కూడా ఎవరికీ తెలీదు.

మూతలు ప్రధానంగా మూడు రకాలు. డీఎన్‌ఏలో సైటోసిన్ అనే అక్షరం పక్కన గ్వానిన్ ఉన్నచోట చిన్న మిథైల్ ముక్క అతుక్కోవడం మొదటిది. అలాంటి చోట్లు మనిషి జన్యుపటంలో సుమారు 2 కోట్ల 80 లక్షలు. డీఎన్‌ఏ దారంలా చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీద ఎసిటైల్ వంటి గుర్తులు పడి ఆ చుట్ట వదులవడమో బిగుసుకోవడమో రెండోది. జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలు మూడోవి. వీటిలో మిథైల్ గుర్తు మిగతావాటికంటే నిలకడైనది. తీసిన నమూనాలో చాలాకాలం చెడదు, చిప్ మీద కొలవడం సులువు. అందుకే బజార్లో అమ్మే ఎపిజెనెటిక్ పరీక్షలన్నీ దాదాపుగా మిథైలేషన్ పరీక్షలే.

ఈ మూతలు మనం బతికే తీరుతో కదులుతాయి. సిగరెట్ తాగేవాళ్ల రక్తంలో ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు దగ్గర మిథైల్ తగ్గిపోతుంది, మానేశాక ఏళ్ల మీద మెల్లగా తిరిగొస్తుంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరవు పడ్డప్పుడు తల్లి కడుపున పడ్డవాళ్లలో ఐజీఎఫ్2 జన్యువు దగ్గర మిథైల్ తక్కువగా ఉందని ఆరు దశాబ్దాల తర్వాత, 2008లో తేలింది. మన దేశానికి దగ్గరి ఉదాహరణ పుణె తల్లుల అధ్యయనం. గర్భంలో ఫోలేట్ ఎక్కువా బీ12 తక్కువా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకి ఒంటి కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా కనిపించాయి. విటమిన్ల దగ్గరికి వచ్చినప్పుడు దీని అవసరం పడుతుంది.

ఇక్కడినుంచే ఎంపిక మొదలవుతుంది. డీఎన్‌ఏ అక్షరాలు ఒళ్లంతా ఒకటే కాబట్టి జన్యు పరీక్షకి రక్తం ఇచ్చినా ఉమ్మి ఇచ్చినా ఫరవాలేదు. మూతలు అలా కాదు. కాలేయంలో ఉన్న మూతల తీరు రక్తంలో ఉండదు, పొద్దున ఉన్నట్టే ఏడాది తర్వాత ఉండాలనీ లేదు. కాబట్టి ఎపిజెనెటిక్ పరీక్ష అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి మాట: ఏ కణాలు చూస్తున్నారు, నా ఇబ్బంది ఉన్నది ఆ కణాల్లోనేనా?

మామూలు రక్తపరీక్షలు: చప్పగా ఉంటాయి, పని చేస్తాయి

మూతలు ఎలా ఉన్నా, వాటి ఫలితం చివరికి రక్తంలో చక్కెరగా, కొవ్వుగా, రక్తపోటుగా బయటపడుతుంది. అక్కడ పట్టుకుంటే మందూ ఉంది, లెక్కా ఉంది. ముప్ఫై దాటిన ఎవరైనా ముందుగా చేయించుకోవలసినవి ఇవి: హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర), పరగడుపు చక్కెర, కొలెస్ట్రాల్ ప్రొఫైల్, క్రియాటినిన్, రక్త కణాల లెక్క, బీ12, రక్తపోటు. వీటికి తోడు టైలర్ టేపుతో నడుం చుట్టుకొలత. మన దగ్గర మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. టేపు బొడ్డు మీదుగా ఎక్కడో కాదు, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక అంచుకీ సరిగ్గా నడుమ పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ గడప దగ్గర ఉన్నట్టు, 6.5 ఆపైన ఉంటే లోపలికి వచ్చినట్టు. అయితే ఈ అంకె ఒక్కోసారి బోల్తా కొట్టిస్తుంది. ఇనుము లోపం ఉన్నవాళ్లలో లేనిదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మన ఇళ్లలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఎందరో కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్లలో సికిల్ సెల్ లక్షణం ఉంటే కొన్ని యంత్రాల్లో అంకె తప్పుతుంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండి హెచ్‌బీఏ1సీ గడప మీద నిలబడితే పరగడుపు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన 2 గంటల తర్వాతి చక్కెర చూసి తేల్చుకోవడం మంచిది.

స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి నేరుగా ల్యాబ్‌కి వెళ్లి పరగడుపు చక్కెర ఇవ్వడం మామూలే. నిద్రలేని రాత్రి తర్వాత ఆ అంకెకి అర్థం మారుతుంది. మధ్యలో టీ కూడా పడి ఉంటుంది. ఆఫ్ రోజున, రాత్రి నిద్రపోయాక ఇవ్వాలి. హెచ్‌బీఏ1సీకి ఈ పేచీ లేదు, ఎప్పుడైనా ఇవ్వొచ్చు.

దీనికి జత చేయదగ్గ అదనపు పరీక్ష ఒక్కటే: లైపోప్రొటీన్ ఏ, రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం రేణువు. చాలావరకు పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే గుండెకి ముప్పు ఎక్కువ, మిగతా కొలెస్ట్రాల్‌ని ఇంకా గట్టిగా తగ్గించాలి.

హోమోసిస్టీన్‌ని కొందరు 'మిథైలేషన్ పరీక్ష' అని పేరు పెట్టి అమ్ముతారు. అది డీఎన్‌ఏ మీద మిథైల్‌ని కొలవదు. బీ12, ఫోలేట్ తగ్గితే పెరిగే పదార్థం అది, మామూలు హద్దు 5 నుంచి 15 మైక్రోమోల్స్. బీ12 అంకె 200, 300 పీకోగ్రాముల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు తేల్చడానికి బాగా పనికొస్తుంది. కానీ ఇంటికొచ్చి తీసిన రక్తంలో ఇది తరచూ తప్పుతుంది. తీసిన సీసాని మంచులో పెట్టి గంటలోపు కణాలను వేరుచేయకపోతే ఎర్ర కణాలు హోమోసిస్టీన్‌ని వదులుతూనే ఉంటాయి. మే నెలలో గాజువాక నుంచి బండి పెట్టెలో రెండు గంటలు ప్రయాణం చేసిన సీసా చూపించే 22, మీ ఒంటి అంకె కాకపోవచ్చు. దీన్ని ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు కనీసం 2 రోజుల ముందు ఆపాలి. థైరాయిడ్, బీ12 లాంటి కొన్ని పరీక్షలు దానివల్ల తారుమారవుతాయి.

జన్యు పరీక్ష: ఇంటి చరిత్ర పిలిస్తేనే

ఈ పరీక్ష మూతల్ని చూడదు, డబ్బాల్ని చూస్తుంది. కారణం ఉండి చేయిస్తే దీనంత విలువైనది లేదు. సరదాకి చేయిస్తే తలనొప్పి.

కారణాలు ఇలా ఉంటాయి. ఇంట్లో యాభై లోపే రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్. చెడు కొలెస్ట్రాల్ 190 దాటడం, చిన్న వయసులో గుండెపోటు. మేనరికం. ఉత్తరాంధ్ర ఇళ్లలో మూడోది ఎక్కువ, దాని లెక్క సూటిగా చెప్పుకోవాలి. మేనబావ, మేనమరదలు పెళ్లి చేసుకుంటే బిడ్డకి తాత ముత్తాతల ఒకే జన్యు ప్రతి రెండు వైపులనుంచీ వచ్చే అవకాశం ఒక్కో జన్యువు దగ్గర 16లో 1 వంతు. మేనమామ, మేనకోడలైతే 8లో 1 వంతు. అలాంటి పెళ్లి జరిగిపోయి ఉంటే పోట్లాడి లాభం లేదు. గర్భానికి ముందే ఇద్దరికీ వాహక పరీక్ష (తమకి జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువుని మోస్తున్నారా అని చూసేది) చేయించడమే దారి.

అన్నిటికంటే ముందు, అన్నిటికంటే చవగ్గా చూడాల్సింది తలసేమియా, సికిల్ సెల్. దీనికి జన్యు పరీక్ష కూడా అక్కర్లేదు. రక్త కణాల లెక్కలో ఎంసీవీ (ఎర్ర కణం సైజు) తక్కువగా ఉందా చూసి, హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే చాలు. అందులో హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 3.5 శాతం దాటితే బీటా తలసేమియా వాహకులయ్యే అవకాశం ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మూడు నెలల్లోపు రక్తం ఎక్కించుకున్నవాళ్లకి హెచ్‌పీఎల్‌సీ తప్పు చెబుతుంది, ఆగి చేయించాలి. గర్భం వచ్చాక తెలిసినా దారి మూసుకుపోదు కానీ మావి నుంచి నమూనా తీసేది 11, 13 వారాల మధ్య కాబట్టి మొదటి చెకప్‌లోనే ఈ మాట ఎత్తాలి. ఏజెన్సీ వాళ్లకి సికిల్ సెల్ పరీక్ష 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ కింద జరుగుతోంది. అక్కడ చేయించుకున్నవాళ్లు కార్డు పారేసుకోకుండా దాచుకుంటే మళ్లీ ఖర్చుండదు.

సరదా కిట్లు ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయంటే, అవి జన్యువంతా చదవవు, ముందే ఎంచుకున్న కొన్ని చోట్లు మాత్రమే చూస్తాయి. రొమ్ము క్యాన్సర్ జన్యువుల కోసం 2018లో అమెరికాలో మొదట అనుమతి పొందిన ఇంటి కిట్ చూసింది అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించే మూడు మార్పుల్నే. తెలుగు కుటుంబానికి అలాంటి కిట్‌లో 'ఏమీ లేదు' అని వస్తే దానికి విలువ లేదు. గుండెజబ్బు, షుగర్ ముప్పు అంటూ ఇచ్చే స్కోర్లు కూడా ఎక్కువభాగం యూరోపియన్ జనం మీద కట్టిన లెక్కలే.

ఆ పక్కన ఎక్సోమ్ పరీక్ష ఉంది, అది జన్యువుల్లో ప్రొటీన్ తయారుచేసే భాగమంతా చదువుతుంది. దానిలో 'అర్థం తేలని మార్పు' అని రావడం మామూలే. అలా వస్తే దాని ఆధారంగా ఏ ఆపరేషనూ చేయించుకోకూడదు, చేయించమని డాక్టరు అంటే వేరే డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవాలి.

జబ్బు నిర్ధారణకి మిథైలేషన్ పరీక్ష

ఎక్సోమ్ 'నార్మల్' అని వచ్చినా కథ అయిపోని సందర్భాలున్నాయి. పుట్టిన బిడ్డ గుడ్డబొమ్మలా మెత్తగా ఉండి పాలు చప్పరించలేకపోవడం, రెండు మూడేళ్లు దాటాక ఆకలికి అంతులేకపోవడం. ఇది ప్రాడర్-విల్లీ కావొచ్చు. 15వ క్రోమోజోము మీద ఒక ముక్కలో తండ్రి నుంచి వచ్చిన ప్రతి తెరిచి, తల్లి నుంచి వచ్చిన ప్రతి మూసి ఉండాలి. తండ్రి వైపు ముక్క లేకపోయినా, రెండు ప్రతులూ తల్లి నుంచే వచ్చినా జబ్బు వస్తుంది. రెండో సందర్భంలో అక్షరాల్లో తప్పేమీ ఉండదు. అందుకే ఎక్సోమ్‌కి ముందు మిథైలేషన్ పరీక్ష చేయించాలి, అది 99 శాతం పైగా కేసుల్ని పట్టుకుంటుంది. ల్యాబ్ ఫారంలో 'మిథైలేషన్ స్పెసిఫిక్ ఎంఎల్‌పీఏ' అని రాయించాలి. ఉత్త 'జెనెటిక్ టెస్ట్' అని రాస్తే ఏది చేస్తారో ల్యాబ్ దయ.

ఇక్కడే సీసా మూత రంగు ముఖ్యం. డీఎన్‌ఏ పరీక్షకి ఊదా మూత ఈడీటీఏ సీసాలో రక్తం కావాలి. క్రోమోజోముల పటానికి బతికున్న కణాలు కావాలి కాబట్టి ఆకుపచ్చ మూత హెపారిన్ సీసా. రెండూ ఒకే రోజు ఇస్తున్నప్పుడు తారుమారైతే పసిబిడ్డని మళ్లీ పొడవాల్సిందే. సూది దిగకముందే సీసాలు చూసుకోండి.

మగపిల్లాడికి మాటలు ఆలస్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మేనమామకి కూడా అలాంటిదే ఉందంటే ఫ్రజైల్ ఎక్స్ చూడాలి. అందులో సీజీజీ అనే అక్షరాల వరుస 200 సార్లకి మించి పునరావృతమై, ఆ పొడవు వల్లే జన్యువు మీద మిథైల్ మూత పడుతుంది. ఇదీ ఎక్సోమ్‌లో కనిపించదు, విడిగా రాయించాలి.

క్యాన్సర్‌లో మిథైలేషన్ పరీక్షకి నమూనా గడ్డ నుంచే తీస్తారు. జబ్బున్న కణాన్నే నేరుగా చూస్తారు కాబట్టి ఇక్కడ సందేహానికి చోటు తక్కువ. మెదడులో గ్లయోబ్లాస్టోమా గడ్డ ఉన్నవాళ్లలో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉంటే టెమొజొలమైడ్ మందు బాగా పనిచేస్తుందని 2005లో రుజువైంది. ఆ జన్యువు చేసే ప్రొటీన్ మందు చేసిన గాయాన్ని బాగుచేసేస్తుంది, మూతపడితే ఆ మరమ్మతు ఉండదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎంఎల్‌హెచ్1 ప్రొటీన్ లేదని తేలితే వెంటనే కుటుంబమంతటికీ జన్యు పరీక్షలు రాయించుకోవద్దు. ముందు గడ్డలో ఆ జన్యువు మీద మిథైల్ ఉందా చూడాలి. ఉంటే అది చాలావరకు ఒక్కరితో పోయే సంగతి. లేకపోతేనే వంశపారంపర్య లించ్ సిండ్రోమ్ కోసం రక్తం పరీక్షించాలి. వరుస తప్పితే ఖర్చు రెట్టింపు, ఇంటిల్లిపాదికీ భయం.

దీనికి కావలసింది మైనపు దిమ్మె, అంటే తీసిన గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాచినది. ఆపరేషన్ ఒకచోట చేయించుకుని, ఆ తర్వాత అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో మరెక్కడికో వెళ్లేవాళ్లు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తారు. పాథాలజీ విభాగంలో సంతకం పెట్టి దిమ్మెలు, స్లైడ్లు రెండూ తీసుకోవాలి. గడ్డని తీయగానే దాని పరిమాణానికి కనీసం పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో పెట్టి, 6 నుంచి 72 గంటల్లోపు దిమ్మె కట్టాలి. శనివారం తీసిన ముక్క పండగ సెలవుల్లో ఫార్మలిన్‌లోనే వారం నానితే డీఎన్‌ఏ తునకలై మిథైలేషన్ పరీక్ష 'ఫెయిల్' అని వెనక్కొస్తుంది.

వయసు కిట్లు: దేన్ని కొలుస్తాయి, ఎక్కడ జారతాయి

2013లో శాస్త్రవేత్త స్టీవ్ హోర్వాత్ 353 చోట్ల మిథైల్ చూసి మనిషి వయసుని మూడు నాలుగేళ్ల తేడాలో చెప్పే లెక్క కట్టారు. అదే ఏడాది హానమ్ బృందం రక్తం కోసం 71 చోట్లతో ఇంకోటి. ఇవి క్యాలెండర్ వయసుని ఊహించే గడియారాలు. 2018లో వచ్చిన ఫీనోఏజ్, 2019లో వచ్చిన గ్రిమ్ఏజ్ అలా కాదు, జబ్బు ముప్పునీ మరణం ముప్పునీ అంచనా వేసేలా తయారైనవి. 2022 నాటి డునెడిన్‌పేస్ వయసు చెప్పదు, వేగం చెబుతుంది. క్యాలెండర్‌లో ఒక ఏడాది గడిస్తే ఒళ్లు ఎంత ముదురుతోందో అంటుంది, 1 అంటే సమానం. న్యూజిలాండ్‌లో డునెడిన్ ఊళ్లో 1972-73లో పుట్టినవాళ్లను దశాబ్దాలుగా గమనిస్తూ కట్టినది ఇది.

కాబట్టి కిట్ ఎంచుకునేటప్పుడు కంపెనీ పేరు కంటే ముందు గడియారం పేరు అడగాలి. గ్రిమ్ఏజ్‌, డునెడిన్‌పేస్ లాంటివి అయితే పరిశోధనల్లో నిలబడ్డవి. 'మా సొంత ఏఐ గడియారం' అంటూ దాటవేస్తే అక్కడే ఆపేయొచ్చు.

ఈ గడియారాలు జనసమూహాల మీద బాగానే పనిచేస్తాయి. వెయ్యిమందిలో వేగంగా ముదురుతున్నవాళ్లలో జబ్బులు ఎక్కువన్నది నిజమే. ఒక్క మనిషి, ఒక్క అంకె దగ్గరికొచ్చేసరికి బలం సన్నగిల్లుతుంది. ఒకే రక్తం నమూనాని రెండుసార్లు చిప్ మీద పెడితే పేరున్న గడియారాలు కొన్ని 9 ఏళ్ల వరకు తేడా చూపించాయని 2022లో తేలింది. తర్వాత లెక్క సరిచేసిన 'పీసీ' రకం గడియారాల్లో ఆ తేడా ఒకటి, ఒకటిన్నర ఏడాదికి తగ్గింది. కిట్ వాడేది పీసీ రకమా అన్నది రెండో ప్రశ్న.

నమూనా కూడా ఆటలాడుతుంది. తెల్లరక్త కణాల్లో రకాల పాళ్లు పొద్దున్నుంచి సాయంత్రానికి మారతాయి, జ్వరంలో మారతాయి. ఆపరేషన్, గర్భం, తీవ్రమైన కోవిడ్ సమయంలో గడియారం ముందుకి జరిగి, కోలుకున్నాక వెనక్కి రావడం 2023లో గమనించారు. ఉమ్మిలో అయితే నోటి పొర కణాలు, తెల్లకణాలు కలిసి వస్తాయి, ఆ పాళ్లు రోజురోజుకీ వేరు. చిగుళ్లు వాచి ఉంటే ఇంకా వేరు. రక్తం మీద కట్టిన గడియారంతో ఉమ్మిని చదవడం బంగారం త్రాసులో ఉల్లిపాయలు తూచినట్టే.

అయినా కొనాలనుకుంటే, పద్ధతిగా చేయండి. రక్తం కిట్‌ని ఎంచుకోండి, చేయి నరం నుంచి ఈడీటీఏ సీసాలో తీసేదైతే మరీ మంచిది. వేలు పొడిచి కార్డు మీద చుక్కలు వేసే రకమైతే వృత్తం ఒక్క చుక్కతో నిండాలి, చుక్క మీద చుక్క వేయకూడదు, వేలితో రుద్దకూడదు. మామూలు గదిలో పడుకోబెట్టి 3, 4 గంటలు ఆరనివ్వాలి. విశాఖ గాలిలో, అందులోనూ జులై నుంచి అక్టోబరు దాకా, కార్డు అంత తొందరగా ఆరదు. ఏసీ గదిలో పెట్టండి, హెయిర్ డ్రయరూ ఎండా వద్దు. పూర్తిగా ఆరాకే తేమ పీల్చే పొట్లంతో కవర్లో వేసి, సోమవారం నుంచి బుధవారం లోపు కొరియర్ చేయండి. ఆదివారం గోదాములో పడి ఉంటే బూజు పడుతుంది. ఉమ్మి కిట్ అయితే అరగంట ముందునుంచి తిండి, నీళ్లు, కిళ్లీ, సిగరెట్ ఏవీ వద్దు. గీత దాకా నురగ కాకుండా ద్రవం ఉండాలి.

జ్వరం, టీకా, పెద్ద ఆపరేషన్ అయ్యాక 2 నెలలైనా ఆగండి. రెండోసారి చేయించేది ఏడాది తర్వాతే, అదే ల్యాబ్, అదే గడియారం, అదే నమూనా రకం, దాదాపు అదే పూట. మూడు నెలలకోసారి అంటూ చందా కట్టించుకునే ప్యాకేజీ మాత్రం వద్దు. ఎందుకో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. రెండేళ్లపాటు తిండి తగ్గించిన క్యాలరీ అనే ప్రయోగంలో 220 మంది పాల్గొంటే డునెడిన్‌పేస్ వేగం 2, 3 శాతం తగ్గింది. ఫీనోఏజ్, గ్రిమ్ఏజ్ కదల్లేదు. మూడేళ్లు రోజూ 1 గ్రాము ఒమేగా-3 తీసుకున్న పెద్దవాళ్లలో తేడా మూడు నాలుగు నెలల లోపే. అసలు మార్పు ఇంత చిన్నదైతే మూడు నెలలకోసారి చూసేది యంత్రం వణుకునే. '8 వారాల్లో మూడేళ్లు తగ్గారు' అని చెప్పే ప్రచారానికి మూలం 2021 నాటి చిన్న ప్రయోగం, అందులో ఉన్నది 43 మంది మగవాళ్లు.

'మిథైలేటెడ్' విటమిన్లా, మామూలు ఫోలిక్ యాసిడా, ఆకుకూరా?

రిపోర్టు వెంబడే తరచూ అమ్మకానికి వచ్చేది ఇది. మూతలు వేయడానికి ఒంటికి మిథైల్ ముక్కలు కావాలి, అవి ఫోలేట్, బీ12, కోలిన్, మెథియోనిన్ దారిలో వస్తాయి. అంతవరకు నిజం. 'మీకు ఎంటీహెచ్ఎఫ్ఆర్ (ఫోలేట్‌ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే జన్యువు) లోపం ఉంది, మామూలు ఫోలిక్ యాసిడ్ మీకు విషం' అన్నది మాత్రం అబద్ధం. ఆ జన్యువులో 677 చోట రెండు ప్రతులూ మారినవాళ్లలో కూడా అదే మోతాదు ఫోలిక్ యాసిడ్‌కి రక్తంలో ఫోలేట్ మిగతావాళ్లకంటే 16 శాతమే తక్కువ. అమెరికా వైద్య జన్యుశాస్త్ర కళాశాల 2013లోనే ఈ పరీక్షని మామూలుగా రాయొద్దంది.

గర్భం కోరుకునేవాళ్లకి సందేహమే అక్కర్లేదు. రోజుకి 400 మైక్రోగ్రాముల మామూలు ఫోలిక్ యాసిడ్, గర్భానికి కనీసం నెల ముందునుంచి. బిడ్డ వెన్నుపాము గొట్టం 28వ రోజుకే మూసుకుంటుంది, నెల తప్పిందని తెలిసేలోపే. వెన్ను లోపాల్ని ఆపుతుందని ప్రయోగాల్లో రుజువైంది ఈ మాత్రే, ఖరీదైన మిథైల్‌ఫోలేట్ కాదు. ముందు కాన్పులో అలాంటి లోపం వచ్చినవాళ్లకీ, మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకీ మోతాదు డాక్టరు మారుస్తారు. సొంతంగా ఆపడమూ పెంచడమూ చేయొద్దు.

పుణె అధ్యయనం ఇక్కడ గుర్తుపెట్టుకోండి. 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రని 'బలానికి' అని ఏళ్లతరబడి వేసుకునేవాళ్లు ఎందరో. బీ12 లోపం ఉన్నవాళ్లలో అది రక్తహీనతని కప్పిపెట్టి, నరాలు దెబ్బతినే దాకా తెలియనివ్వదు. మాంసాహారం తిననివాళ్లు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఏళ్లుగా గ్యాస్ మాత్ర మింగేవాళ్లు ముందు బీ12 చూపించుకోవాలి.

తిండితో సరిపెట్టుకోగలిగితే విశాఖలో కొరతేం లేదు. మునగాకు, తోటకూర, గోంగూర, పెసలు, శనగల్లో ఫోలేట్ బాగా ఉంటుంది. ఆకు ఉడికించి నీళ్లు పారబోస్తే అది కూడా పోతుంది కాబట్టి పప్పులో వేసి వండడమే మేలు. బీ12కి రోజుకి కావలసింది రెండున్నర మైక్రోగ్రాముల లోపే. ఫిషింగ్ హార్బర్‌లో దొరికే కవ్వళ్లు బీ12, ఒమేగా-3 రెండూ ఇస్తాయి, ఖరీదైన వంజరమే కావాలని లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజులూ గుడ్లతో నడిపించుకోవచ్చు. ఉత్త శాకాహారులకి పాలు, పెరుగు కొంత ఇస్తాయి, అంకె 200 కింద ఉంటే మాత్ర తప్పదు. చోడంబలి మంచిదే, అందులో బీ12 లేదు.

ఎవరు దేనితో మొదలుపెట్టాలి

సి షిఫ్ట్‌లు చేసే నలభై ఏళ్ల మనిషికి, నడుం 95 ఉంటే, వయసు కిట్ చెప్పేది ఆయనకి తెలియనిదేం కాదు. హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, రక్తపోటు, లైపోప్రొటీన్ ఏ చేయించి, మిగిలిన డబ్బు ఇంట్లో రక్తపోటు యంత్రానికి పెట్టడం మంచిది. చేతి పైభాగానికి చుట్టే రకం కొనాలి, మణికట్టుది కాదు. పెళ్లి కుదిరిన జంటకి, అందులోనూ మేనరికమైతే, ముందు హెచ్‌పీఎల్‌సీ, తర్వాత డాక్టరు చెబితే వాహక ప్యానెల్. పిల్లల ఎదుగుదల మీద అనుమానం ఉంటే ప్యాకేజీల జోలికి పోకుండా పిల్లల డాక్టరు దగ్గర మిథైలేషన్ పరీక్ష గురించి అడగండి. అన్ని పరీక్షలూ సరిగా ఉండి, సిగరెట్ లేక, నిద్రా నడకా కుదిరి, ఇంకా కుతూహలం మిగిలితే అప్పుడు వయసు కిట్ కొనుక్కోవచ్చు.

కొనేముందు ల్యాబ్‌కి నాబ్ల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, ఆ గుర్తింపు ఈ ప్రత్యేక పరీక్షకి కూడా వర్తిస్తుందా చూడండి. నమూనా మిగిలింది పారేస్తారా దాచుకుంటారా, మీ డేటా ఇంకెవరికైనా ఇస్తారా అన్నది సమ్మతి పత్రంలో చదివి, అక్కర్లేని గడుల్లో టిక్ తీసేయండి. జన్యు కిట్లు అమ్మే 23అండ్‌మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. రిపోర్టు పీడీఎఫ్‌తో పాటు చిప్ ముడి ఫైళ్లు కూడా ఇవ్వమని డబ్బు కట్టకముందే మెయిల్లో అడగండి. అవి చేతిలో ఉంటే రేపు ఇంకా మెరుగైన గడియారం వచ్చినప్పుడు మళ్లీ సూది లేకుండా అదే నమూనాని చదివించుకోవచ్చు.